పోర్చుగీసు భాషలో లింగవ్యవస్థ: సంస్కృతాంధ్ర వ్యాకరణ దృష్టితో ఒక పరిశీలనము

సంస్కృతము నేర్చు తెలుగు విద్యార్థి తొలి సంవత్సరముననే చేయు తప్పు ఒకటి కలదు. 'ఇదం వృక్షమ్' అనియు, 'ఇదం గ్రంథమ్' అనియు వ్రాయును. తెలుగున వృక్షము, గ్రంథము అని మువర్ణాంతములుగా వాడుటచే ఆ మువర్ణమునే నపుంసక చిహ్నముగా భ్రమించుట ఇందుకు కారణము. ఉపాధ్యాయుడు 'అయం వృక్షః' అని దిద్దగానే 'చెట్టు పురుషుడెట్లగును?' అని విద్యార్థి ప్రశ్నించును. ప్రశ్న న్యాయమైనదే. సమాధానమే పెక్కుచోట్ల న్యాయముగా ఉండుట లేదు. చెట్టు దృఢమైనది కనుక పుంలింగము, లత సుకుమారమైనది కనుక స్త్రీలింగము అని చెప్పి తృప్తిపడు బోధకులు నేటికిని కలరు. వినుటకిది ఇంపుగా నుండును. అయినచో రాయి మాట యేమి? 'శిలా' స్త్రీలింగము, 'పాషాణః' పుంలింగము. ఒకే రాయి ఒక పేరున సుకుమారమై, మరియొక పేరున దృఢమగునా?

లింగము అర్థధర్మమా, శబ్దధర్మమా అను విచారము మనకు క్రొత్తది కాదు. 'స్త్రియామ్' అను అధికారసూత్రముపై (4.1.3) భాష్యకారుడు ఈ చర్చను విస్తరించెను. లోకమున స్త్రీపురుషులను గుర్తించు శరీరచిహ్నములే వ్యాకరణమునందలి లింగమైనచో మంచమును చెప్పు ఖట్వాశబ్దమునకు స్త్రీత్వము, వృక్షశబ్దమునకు పుంస్త్వము సిద్ధింపవని ఆయన ఆక్షేపించెను. లింగము లోకవ్యవహారమును ఆశ్రయించినది కావున దానిని శాస్త్రము ప్రత్యేకముగా విధింప నక్కర లేదను మాటయు మహాభాష్యముననే కలదు. భర్తృహరి వాక్యపదీయ తృతీయకాండమున లింగసముద్దేశమను ప్రకరణమునే కేటాయించి పూర్వుల మతములను సంగ్రహించెను. ఈ సిద్ధాంతమునకు మన భాషల వెలుపలి నుండి సాక్ష్యము దొరకునేని విద్యార్థికి మరింత నమ్మకము కలుగును. అట్టి సాక్ష్యమును ఇచ్చుటకు పోర్చుగీసు భాష మిక్కిలి అనువైనది.

ఈ భాష లాటిను నుండి పుట్టినది. లాటిను, సంస్కృతము ఒకే మూలకుటుంబమునకు చెందినవి. స్పానిషు, ఫ్రెంచి, ఇటాలియను భాషలు దీనికి సోదరీమణులు. నేడు పోర్చుగల్, బ్రెజిల్, అంగోలా, మొజాంబిక్ మొదలగు దేశములలో 20 కోట్లకు పైగా జనులు దీనిని మాటాడుదురు. వారిలో అధికసంఖ్యాకులు బ్రెజిల్ వారే. 1498లో వాస్కోడగామా కోళిక్కోడు చేరుటతో ఈ భాష మన తీరమును తాకినది. 1510లో గోవా పోర్చుగీసుల వశమై, 1961 వరకు వారి యేలుబడిలోనే ఉండెను. తెలుగువారికి ఈ భాషతో మరియొక సంబంధము కలదు. శ్రీకృష్ణదేవరాయల కాలపు విజయనగరమును కన్నులార చూచి వర్ణించిన డొమింగో పేస్, తరువాత కొలది సంవత్సరములకే ఆ రాజ్యచరిత్రను వ్రాసిన ఫెర్నాఁవ్ నూనిజ్ ఇరువురును తమ వృత్తాంతములను ఈ భాషయందే రచించిరి. రాబర్టు సూయెల్ 1900లో ప్రకటించిన గ్రంథమునందలి ఆంగ్లానువాదముల ద్వారానే మన చరిత్రకారులలో పెక్కురు వానిని ఎరుగుదురు.

ఈ వ్యాసమున పోర్చుగీసు పదములను వారి వ్రాతను చాలవరకు అనుసరించి తెలుగు లిపిలో చూపుచున్నాను. ఉచ్చారణము దేశమును బట్టి మారును. ముఖ్యముగా పదాంతమునందలి ఓకారము చాలచోట్ల ఉకారమువలె వినిపించును. ఈ భాషకు ప్రత్యేకశోభను కూర్చునవి అనునాసికాచ్చులు. నోటితోను ముక్కుతోను కలిసి పలుకబడు వర్ణము అనునాసికమని పాణిని చెప్పిన లక్షణము (1.1.8) వీనికి అక్షరాలా సరిపోవును. లాటిను 'మానుస్' (చేయి) అను పదమున అచ్చుల నడిమి నకారము పోయి, దాని నాసికాధ్వని మాత్రము అచ్చుకు అంటుకొని 'మాఁవ్' అయినది. హల్లు పోయినను దాని జాడ అచ్చుపై నిలుచు ఈ తీరు మన అర్ధానుస్వారము నెరిగినవారికి వింత గొలుపదు. 'లూనా' (చంద్రుడు) అను పదమునందు ఆ జాడయు మిగులక 'లూవ' అయినది.

ఇక లింగము. పోర్చుగీసున పుంలింగము, స్త్రీలింగము అని రెండే కలవు. ప్రతి నామము ఈ రెండింటిలో ఒకదానికి చెంది తీరవలెను. నామమునకు ముందు చేరు నిశ్చయార్థకము పుంలింగమున 'ఓ', స్త్రీలింగమున 'ఆ'. బహువచనమున 'ఓస్', 'ఆస్'. ఆంగ్లవ్యాకరణములను తెనిగించినవారు ఇట్టిదానిని ఉపపదమనిరి గనుక నేనును ఆ మాటనే వాడుదును. పాణినీయమునందలి ఉపపదముతో దీనికి పొత్తు లేదు. 'ఆ' అనునది తెలుగు 'ఆ' వలె వినిపించుట యాదృచ్ఛికమే యైనను, దాని మూలమగు లాటిను పదమునకును 'ఆ, అతడు, ఆమె' అను నిర్దేశార్థమే యుండెననుట చమత్కారము. 'ఓ లివ్రో' అనగా పుస్తకము. 'ఆ మేజ' అనగా బల్ల. విశేషణము విశేష్యముయొక్క లింగవచనములను అనుసరించును. 'క్రొత్త పుస్తకము' అనవలెనన్న 'లివ్రో నోవో', 'క్రొత్త బల్ల' అనవలెనన్న 'మేజ నోవ'. మన 'నవః గ్రంథః', 'నవా శాలా' అను ప్రయోగములతో పోల్చి చూడుడు. నోవ, నవా శబ్దములు సజాతీయములే.

క్రియయందు లింగభేదము లేదు. తిఙంతమునకు లింగము లేకుండుట, కృదంతమునకు ఉండుట మనకును కలదు గదా. పోర్చుగీసున కర్మణిప్రయోగము నిష్ఠాంతముతో ఏర్పడును: 'ఆ కార్త ఫోయి లీద', 'ఓ లివ్రో ఫోయి లీదో'. 'పత్రికా పఠితా', 'గ్రంథః పఠితః' అనుట వంటిదే ఇది. ఆ దేశములకు పోవువారు మొదట నేర్చు మాటయందే ఈ నియమము కనబడును. కృతజ్ఞత తెలుపుటకు పురుషుడు 'ఒబ్రిగాదో' అనును. స్త్రీ 'ఒబ్రిగాద' అనును. ఎదుటివాని లింగముతో ఇచ్చట పని లేదు. అది 'నేను బద్ధుడను, బద్ధురాలను' అను అర్థము గల నిష్ఠాంతరూపమగుటచే చెప్పువాని లింగమునే గ్రహించును. 'కృతజ్ఞోఽస్మి', 'కృతజ్ఞాస్మి' అను భేదము నెరిగినవానికి ఈ మాటను వేరుగా బోధింపనక్కర లేదు.

సంఖ్యావాచకములలో ఒకటి, రెండు అనువానికి లింగభేదము కలదు. మూడు మొదలు లేదు. రెండువందలు మొదలు తొమ్మిదివందల వరకు గల శతవాచకములకు మరల కలదు. సంస్కృతమున ఇది నాలుగు వరకు సాగి ఐదుతో ఆగిపోవుట ప్రసిద్ధము.

లింగము వస్తుధర్మము కాదనుటకు ప్రబలమైన సాక్ష్యము సోదరభాషలతో పోల్చినపుడు లభించును. పాలు పోర్చుగీసున పుంలింగము, స్పానిషున స్త్రీలింగము. రక్తము, ఉప్పు, తేనె, ముక్కు అను నాలుగు వస్తువుల పేర్లును అట్లే పోర్చుగీసున పుంలింగములు, స్పానిషున స్త్రీలింగములు. ఇందుకు విపరీతముగా వంతెన, చెట్టు, రంగు, నొప్పి, ప్రయాణము అనునవి పోర్చుగీసున స్త్రీలింగములు, స్పానిషున పుంలింగములు. ఇవి వేరువేరు ధాతువులనుండి పుట్టిన పర్యాయములైనచో ఆశ్చర్యము లేదు. ఈ జంటలు దాదాపు అన్నియు ఒకే లాటిను పదముయొక్క రూపాంతరములు. రంగునకు లాటిను పేరగు 'కొలోర్' పుంలింగము. అది స్పానిషున అట్లే నిలిచి, పోర్చుగీసున 'కోర్' అయి స్త్రీలింగమైనది. చెట్టు పేరు లాటినున స్త్రీలింగము. పోర్చుగీసు 'ఆర్వొరె' దానిని నిలుపుకొన్నది, స్పానిషు మార్చుకొన్నది. పక్కపక్కనే యున్న ఈ రెండు దేశములలో పాలు మారలేదు, నెత్తురు మారలేదు, చెట్లు మారలేదు. మారినది శబ్దవ్యవహారము మాత్రమే. చెట్టు పురుషుడెట్లగునని అడిగిన విద్యార్థికి సరిహద్దుకు ఇవతల అది స్త్రీలింగమనియు, అవతల పుంలింగమనియు చెప్పినచో భాష్యకారుని ఆక్షేపమునందలి మర్మము తేటపడును.

వస్తువుల మాట అట్లుండగా, మనుష్యవాచకములయందును శబ్దమే బలీయమైన తావులు కలవు. 'క్రియాంస' అనగా బిడ్డ. మగబిడ్డయైనను ఆడబిడ్డయైనను ఈ పదము స్త్రీలింగమే, విశేషణములన్నియు స్త్రీలింగములే. వ్యక్తి అను అర్థము గల 'పెస్సోవ', సాక్షిని చెప్పు 'తెస్తెమూన్య' కూడ ఇట్టివే. న్యాయస్థానమున నిలిచిన సాక్షి గడ్డము పెంచిన వృద్ధుడైనను స్త్రీలింగపదముతోనే వ్యవహరింపబడును. మన దేవతాశబ్దము దీనికి సాటి: ఇంద్రుడును దేవతయే. ఇంతకంటె రమ్యమైన సామ్యము 'కోంజుజె' అను పదమున కలదు. దంపతులలో ఎవరినైనను చెప్పు ఈ పదము సంప్రదాయసిద్ధముగా పుంలింగము. భార్యను చెప్పినపుడును 'ఓ కోంజుజె' అనియే అందురు. దారశబ్దము నిత్యపుంలింగబహువచనమగుట చూచి నవ్వు విద్యార్థులకు ఈ పదమును చూపవచ్చును. భార్యా, దారాః, కలత్రమ్ అను మూడు పదములు మూడు లింగములందుండి ఒకే వ్యక్తిని బోధించుటకంటె, లింగము శబ్దనిష్ఠమనుటకు వేరు ప్రమాణమేల? అయినను అర్థము పూర్తిగా ఓడిపోలేదు. 'మీ శ్రేష్ఠత' అను అర్థముతో గొప్పవారిని సంబోధించు పదబంధము స్త్రీలింగమైనను, సంబోధింపబడువాడు పురుషుడైనచో విధేయవిశేషణము పుంలింగముననే యుండును. ఇట్టి సందులలో లౌకికలింగము తొంగిచూచుచుండును.

పదాంతమును బట్టి లింగమును ఊహించుటకు కొన్ని దారులు కలవు. ఓకారాంతములు ప్రాయికముగా పుంలింగములు, ఆకారాంతములు స్త్రీలింగములు. కాని పైన చెప్పిన 'మాఁవ్' (చేయి) స్త్రీలింగము. లాటినున అది ఉకారాంత స్త్రీలింగమై యుండెను. ధేను, రజ్జు, చంచు శబ్దములను చదివినవారికి ఉకారాంతమున స్త్రీత్వము అసహజముగా తోపదు. 'ప్రోబ్లేమ', 'పోయేమ', 'సిస్తేమ' వంటివి ఆకారాంతములయ్యును పుంలింగములు. అవి గ్రీకు భాషనుండి వచ్చినవి, అచ్చట నపుంసకములు. వీనికంటె ముఖ్యమైనది భావార్థక ప్రత్యయముల లింగము. 'సిదాదె' (నగరము), 'వెర్దాదె' (సత్యము) మొదలగు దాదె-అంతములన్నియు స్త్రీలింగములు. వీని ప్రత్యయము లాటిను 'తాత్' నుండి వచ్చినది. అది వైదికభాషయందలి 'సర్వతాతి', 'దేవతాతి' శబ్దములలోని తాతిప్రత్యయమునకు సజాతీయము. పాణిని ఈ ప్రత్యయమును ఛాందసముగా విధించెను (4.4.142). వేదమునను ఈ పదములు స్త్రీలింగములే. సహస్రాబ్దములు గడచి, దేశములు మారి, ప్రకృతులన్నియు మారిపోయినను ప్రత్యయము తన లింగమును విడువలేదు. తల్ప్రత్యయాంతములు స్త్రీలింగములు, త్వప్రత్యయాంతములు నపుంసకములు అని మనము వల్లించు నియమము కూడ ఈ తత్త్వమునే చెప్పుచున్నది. జనత్వము, జనత అనువానిలో అర్థభేదమును వెదకి లింగమును నిర్ణయించువాడు లేడు.

లాటినునందలి నపుంసకమేమైనది? చాలవరకు పుంలింగమున కలిసిపోయినది. కొన్ని నపుంసకములు మాత్రము బహువచనరూపమున ఆకారాంతములుగా నుండుటచే, ఆ రూపమునే జనులు స్త్రీలింగైకవచనమని భ్రమించిరి. ఆకును చెప్పు 'ఫోల్య', వంటచెరకును చెప్పు 'లేన్య' ఇట్లు స్త్రీలింగములైనవి. రూపసాదృశ్యముచే లింగము మారుట యనగా ఇదియే. మన విద్యార్థి 'ఇదం గ్రంథమ్' అనుటకు మూలమును ఇట్టి సాదృశ్యమే. ఒకచో అది కాలక్రమమున శిష్టవ్యవహారమై నిలిచినది, మరియొకచో తప్పుగా దిద్దబడుచున్నది. నపుంసకపు శేషము సర్వనామములలో మాత్రము కనబడును. 'ఎస్తె' (ఇతడు), 'ఎస్త' (ఈమె) అనువాని ప్రక్కన 'ఇస్తో' (ఇది) కలదు. ఇంకను పేరు తెలియని వస్తువును చూపి 'ఇదేమి?' అని అడుగునపుడు ఈ మూడవ రూపమే వాడుదురు. పేరు తెలియనంత వరకు లింగము లేదు, తెలిసినంతనే రెండింటిలో ఒకటి వచ్చి పడును! లింగము నామమును ఆశ్రయించునే గాని వస్తువును గాదని ఇంతకంటె స్పష్టముగా ఏ భాష చెప్పగలదు?

లింగభేదముచే అర్థభేదము కలుగు పదములును కలవు. 'ఓ కపితాల్' అనగా మూలధనము. 'ఆ కపితాల్' అనగా రాజధాని. 'ఆ కబేస' అనగా తల. 'ఓ కబేస' అనగా నాయకుడు. 'మిత్రః' సూర్యుడు, 'మిత్రమ్' స్నేహితుడు అగుట మనమెరిగినదే. సమాంశవాచియగు అర్ధశబ్దము నపుంసకమను విషయము సూత్రముననే (2.2.2) ఉపయోగింపబడినది.

పాణినీయుని హృదయమును విశేషముగా ఆకర్షించు అంశము ఏకశేషము. స్త్రీపురుషులను కలిపి చెప్పునపుడు పుంలింగరూపము శేషించుట పోర్చుగీసున సామాన్యనియమము. 'ఫీల్యో' కుమారుడు, 'ఫీల్య' కుమార్తె. ఇరువురును కలిసి 'ఫీల్యోస్'. 'ఇర్మాఁవ్' సోదరుడు, 'ఇర్మాఁ' సోదరి; ఇరువురును కలిసి 'ఇర్మాఁవ్స్'. సంస్కృతమున 'పుత్రౌ', 'భ్రాతరౌ' అనుటతో కుమారుని, కుమార్తెను, సోదరుని, సోదరిని గ్రహింపవచ్చునని 1.2.68 సూత్రము చెప్పుచున్నది. పుత్రదుహితృశబ్దములు, భ్రాతృస్వసృశబ్దములు భిన్నప్రకృతికములగుటచే మనకు విశేషసూత్రము కావలసివచ్చినది. పోర్చుగీసున ఒకే ప్రకృతి గనుక 1.2.67 వంటి సామాన్యసూత్రమే చాలును. తల్లిదండ్రుల విషయమున మాత్రము వారికిని విశేషసూత్రము తప్పదు. 'పాయి' తండ్రి, 'మాఁయ్' తల్లి. ఇవి వేరువేరు పదములు. అయినను 'ఓస్ పాయిస్' అనగా తల్లియు తండ్రియు. ఇది సాక్షాత్తుగా 'పితరౌ' (1.2.70). మనకు 'మాతాపితరౌ' అను పక్షాంతరము ఉన్నట్లే వారును రెండు పేర్లను విడిగా చెప్పుకొనవచ్చును. అత్తమామలను చెప్పుటకు 'ఓస్ సోగ్రోస్' అందురు. 'సోగ్రో' మామ, 'సోగ్ర' అత్త. ఈ పదములు శ్వశుర, శ్వశ్రూశబ్దములకు జ్ఞాతులు. 'శ్వశురౌ' అను ఏకశేషమును విధించిన 1.2.71 సూత్రము అట్లాంటికు తీరమున అదే కుటుంబపు పదములతో, అదే అర్థమున పనిచేయుచున్నది. రెండు శాఖలు ఒకదానినుండి మరియొకటి గ్రహించినవని నేననను. మూలబంధుత్వము వలన పదములు నిలిచినవి. ఏకశేషమో, సహవ్యవహారసౌకర్యము చేత ఇరుచోట్ల వేరుగా పుట్టియుండవచ్చును.

దీనికి ఒక అపవాదము కలదు. తాత, అవ్వ అనుటకు 'అవో' అను ఒకే పదమున్నది. ఓకారమును సంవృతముగా పలికిన తాత, వివృతముగా పలికిన అవ్వ. ఇరువురను కలిపి చెప్పు బహువచనమున ఉపపదము పుంలింగమే, అచ్చు మాత్రము అవ్వది.

తక్కిన లక్షణములను సంక్షేపముగా చెప్పెదను. నామములకు విభక్తిరూపములు నశించినవి. పదమునకు ముందు చేరు అవ్యయములు కారకసంబంధమును తెలుపును. ఇవి ఉపపదముతో కలియునపుడు సంధివంటి మార్పు కలుగును: దె + ఓ = దో; దె + ఆ = ద. క్రియారూపమే పురుషవచనములను తెలుపుటచే కర్తను చెప్పకున్నను చెల్లును. 'ఉండు' అను అర్థమున రెండు ధాతువులు కలవు. స్వభావమును చెప్పునది 'సేర్', అప్పటి స్థితిని చెప్పునది 'ఎస్తార్'. రెండవది స్థాధాతువునకు బంధువు. గౌరవముతో ఎదుటివారిని పిలుచుటకు పుట్టిన 'వొసే' అను పదము 'మీ అనుగ్రహము' అను పదబంధపు సంక్షిప్తరూపము. అది ఎదుటివానినే చెప్పినను క్రియ ప్రథమపురుషముననే యుండును. భవచ్ఛబ్దప్రయోగము నెరిగినవారికి ఇది సులభము. భవిష్యద్రూపము తుమున్నర్థకమునకు 'కలిగియుండు' అను క్రియ చేరి ఏర్పడినది. లుట్టునందలి 'దాతాస్మి' వలె ఇదియు సమస్తరూపమే. ఆ రెండు ఖండముల నడుమ సర్వనామమును చొప్పించుట నేటికిని గ్రాంథికభాషలో కలదు. తుమున్నర్థకమునకే పురుషప్రత్యయములు చేరుట ఈ భాషయందలి అపూర్వవిశేషము. 'కర్తుమ్' అనుదానికి 'మస్' చేర్చి 'మేము చేయుటకు' అని చెప్పిన ఎట్లుండునో అట్లుండును.

ఇక ఈ పదములు మన దేశమునకు వచ్చిన పిమ్మట వాని లింగమేమైనదో చూతము. 'అర్మారియో' పుంలింగము, అది అలమార. 'బాల్దె' పుంలింగము, అది బాల్చీ. 'తొవాల్య' స్త్రీలింగము, అది తువాలు. బొత్తాము, కాజా, పీపా, అనాస మున్నగునవియు ఆ భాషవే. బట్టలను సాగదీయుట అను అర్థముగల ధాతువునుండి ఇస్త్రీ వచ్చినదని చెప్పుదురు. స్త్రీశబ్దముతో దానిని ముడిపెట్టుట విద్యార్థుల వినోదమునకే. తెలుగు ఈ పదముల లింగమును అడుగనే లేదు. బాలవ్యాకరణము (1858) చెప్పిన మహదమహద్విభాగము అర్థాశ్రయము గనుక జడపదార్థములన్నియు అమహత్తులైనవి. 'మెస్త్రె' నుండి వచ్చిన మేస్త్రీ వచ్చినాడు, 'ఆయ' నుండి వచ్చిన ఆయా వచ్చినది, బాల్చీయు వచ్చినది. ఏకవచనమున స్త్రీ అమహత్తుతో చేరి, బహువచనమున మహత్తుతో చేరుట మన భాషకు ప్రత్యేకము. హిందీయో లింగమును విధిగా కోరు భాష. అది ఏమి చేసినది? పుంలింగమగు బాల్దె అచ్చట 'బాల్టీ' అయి స్త్రీలింగమైనది. అర్మారియో 'అల్మారీ' అయి స్త్రీలింగమైనది. స్త్రీలింగమగు తొవాల్య 'తౌలియా' అయి పుంలింగమైనది. ఈకారాంతము స్త్రీ, ఆకారాంతము పురుషుడు అను తన సొంత వాసనను బట్టి హిందీ నిర్ణయించుకొన్నది. నీరు తోడు పాత్ర ఓడ దిగినంతనే స్త్రీయగుట వస్తుధర్మమైనచో సాధ్యమా?

సంస్కృతపదముల యెడ తెలుగు చేసినదియు ఇదియే. రామః రాముడైనాడు, వృక్షః వృక్షమైనది. నపుంసకమగు మిత్రమ్ మనుష్యుని చెప్పుటచే మిత్రుడైనాడు. ఈ మార్పు తెలుగు వ్యాకరణమునకు సాధువు. దానిని వెనుకకు మోసికొనిపోయి సంస్కృతమున ప్రయోగించుటయే దోషము. కావున 'తెలుగు మువర్ణమును చూచి మోసపోవలదు' అను మాటను తొలి పాఠముననే చెప్పవలెను.

పోర్చుగీసు బోధకులు ఏ నామమును ఒంటిగా నేర్పరు. 'మేజ' అనరు, 'ఆ మేజ' అందురు. పదము నాలుకకెక్కునప్పుడే లింగమును ఎక్కును. అమరసింహుడు తన గ్రంథమునకు నామలింగానుశాసనమని పేరిడి, పదముయొక్క రూపమును బట్టియు, సాహచర్యమును బట్టియు, ఒక్కొక్కచో కంఠోక్తిగాను లింగమును తెలియజేసినది ఇందుకే. అమరమును కంఠస్థము చేయుట తగ్గిన నేటి తరగతులలో కనీసము అయం వృక్షః, ఇయం శిలా, ఇదం ఫలమ్ అని సర్వనామముతో కూర్చియే శబ్దపట్టికలను వ్రాయించుట మేలు. వృక్షః, శిలా, ఫలమ్ అని విడిగా వ్రాయించిన పట్టికలయందు మువర్ణభ్రాంతి ఎక్కువగను, సర్వనామముతో వ్రాయించినవానియందు తక్కువగను ఉండుట ఏ ఉపాధ్యాయుడైనను ఒక మాసములో తన తరగతియందు పరీక్షించి చూచుకొనవచ్చును.